వార్డు కిటికీ కూడా వైద్యమే



రోగిని చూడడానికి వచ్చిన బంధువులు చాలామంది మొదట అనే మాట, "గాలి కొడుతోంది, ఆ కిటికీ వేసేయండి" అని. ప్రేమతోనే అంటారు. కిటికీ మూస్తే రోగికి చలి కొంత తగ్గవచ్చు. కాని పక్క మంచంలోని వారి దగ్గు కూడా ఆ గదిలోనే నిలిచిపోతుంది. అందుకే ఈసారి మందుల గురించి కాక, వార్డు కిటికీలు, గోడలు, గడియలు, కుళాయిలు మనల్ని జబ్బుల నుండి ఎలా కాపాడతాయో చెప్పాలనుకున్నాం.

గాలిలో తేలే క్రిములు

క్షయ రోగి దగ్గినప్పుడు కంటికి కనబడని సన్నని తుంపరలు బయటికి వస్తాయి. వాటిలోని క్రిములు గంటల తరబడి గాలిలో తేలుతూ ఉండగలవు. తట్టు, ఆటలమ్మ కూడా గాలి ద్వారా సోకే జబ్బులే.

వంటింట్లో పొగ కమ్ముకున్నప్పుడు మనం ఏం చేస్తాం? తలుపు, కిటికీ రెండూ తెరుస్తాం. ఒకవైపు నుండి గాలి వచ్చి, రెండోవైపు నుండి పొగను తీసుకుపోతుంది. వార్డులో క్రిముల విషయంలోనూ ఇంతే. గదిలోని గాలి గంటకు ఎన్నిసార్లు మారితే, పీల్చేవారికి ప్రమాదం అంతగా తగ్గుతుంది.

లిమా నగరం నేర్పిన పాఠం

పెరూ దేశ రాజధాని లిమాలో ఎనిమిది ఆసుపత్రులలోని 70 గదులను పరిశోధకులు పరీక్షించి, 2007లో ఫలితాలు ప్రకటించారు. ఎత్తైన కప్పులు, పెద్ద కిటికీలు ఉన్న పాతకాలపు కట్టడాలలో, కిటికీలు, తలుపులు తెరిచినప్పుడు గాలి గంటకు సుమారు 40 సార్లు మారింది. కొత్త కట్టడాలలో సుమారు 17 సార్లే మారింది. యంత్రాలతో గాలి మార్చే గదులకు సిఫారసు చేసిన ప్రమాణం 12 సార్లు.

చికిత్స మొదలుకాని క్షయ రోగులతో 24 గంటలు గడిపితే ఎందరికి క్రిమి సోకవచ్చో కూడా వారు లెక్క కట్టారు. ఆ లెక్క ప్రకారం నూటికి యంత్రపు గదిలో 39 మందికి, కొత్త కట్టడంలో 33 మందికి, పాత కట్టడంలో 11 మందికి సోకే అవకాశం ఉంది. ఖర్చులేని కిటికీ ఖరీదైన యంత్రం కంటే మిన్నగా పనిచేసింది. 2009లో ప్రపంచ ఆరోగ్య సంస్థ కూడా ఆసుపత్రులలో సహజమైన గాలి గురించి మార్గదర్శకాలు విడుదల చేసింది.

ఇది బొత్తిగా కొత్త సంగతి కాదు. ఫ్లారెన్స్ నైటింగేల్ 1859లోనే ఆసుపత్రుల గురించి పుస్తకం రాసి, వార్డుకు ఇరువైపులా కిటికీలు, మంచాల మధ్య తగినంత చోటు ఉండాలని చెప్పారు. క్రిముల సంగతి అప్పటికి ఎవరికీ సరిగా తెలియదు. అయినా ఆమె చెప్పిన కట్టడం సరైనదే.

అయితే అన్ని గదులకూ ఇది వర్తించదు. ఆపరేషన్ థియేటరులో కిటికీ తెరిస్తే దుమ్ము, పురుగులు లోపలికి వస్తాయి. అక్కడ వడగట్టిన గాలి కావాలి. అందుకే ఆ తలుపులు ఎప్పుడూ మూసి ఉంచుతారు.

చేయి తగిలే చోట్లు

కొన్ని క్రిములు చేతుల ద్వారా పాకుతాయి. తలుపు గడియ, మంచం కడ్డీ, సెలైన్ స్టాండు అందరి చేతులూ తగిలే చోట్లు. స్టీలు ఎంత మెరిసినా దానిపై కొన్ని క్రిములు రోజుల తరబడి బ్రతకగలవు. రాగి, ఇత్తడిపై చాలా రకాల క్రిములు త్వరగా చస్తాయి. అమెరికాలోని మూడు ఆసుపత్రుల ఐ.సి.యు.లలో మంచం కడ్డీల వంటివాటికి రాగి తొడుగు వేసి చూశారు. ఇన్ఫెక్షన్లు సగానికి పైగా తగ్గినట్టు 2013లో తెలిపారు. తరువాత జరిగిన పరిశోధనలన్నీ అంత మేలు చూపలేదు. రాగి ఉన్నా తుడవడం మానకూడదు.

గోడ, నేల కలిసే మూలను గుండ్రంగా తీర్చితే మురికి ఇరుక్కోదు. మోచేతితో తిప్పే కుళాయి ఉంటే, కడిగిన చేతికి మళ్లీ మురికి అంటదు. పరుపు మీది రెక్సిన్ చిరిగితే రక్తం, చీము లోపలికి ఇంకిపోతాయి, పైపైన ఎంత తుడిచినా పోవు. అలాంటి చిరుగు కనబడితే వెంటనే సిస్టర్‌గారికి చెప్పండి.

మీరు చేయవలసినవి

1. వార్డు కిటికీలు మూయకండి. చలి వేస్తే రోగికి మరో దుప్పటి కప్పండి. దోమలకు తెర కట్టుకోండి.
2. కిటికీ ముందు సంచులు పెట్టకండి, గాలికి అడ్డంగా బట్టలు ఆరేయకండి.
3. ప్రార్థనకు వచ్చే సంఘస్తులు మంచం చుట్టూ ఒకేసారి గుమిగూడక, ఇద్దరిద్దరుగా రండి. రోగి మంచంపై కూర్చోవద్దు.
4. రోగిని ముట్టుకునే ముందు, ముట్టుకున్న తరువాత చేతులు కడుక్కోండి.
5. రెండు వారాలకు మించి దగ్గు ఉంటే కఫం పరీక్ష చేయించుకోండి.

క్షయ అని తేలి సరైన మందులు వాడుతున్న రోగి నుండి ప్రమాదం త్వరగా తగ్గిపోతుంది. ఇంకా పరీక్ష కాని, తన జబ్బు తనకే తెలియని రోగి దగ్గరే ఎక్కువ ప్రమాదం. అతడు ఏ మంచంలో ఉన్నాడో డాక్టరుకూ తెలియదు, మీకూ తెలియదు. పరీక్ష ఫలితం వచ్చేదాకా ఆ వార్డులోని అందరినీ కాపాడేది తెరిచిన కిటికీయే. ఇంట్లో ఎవరైనా దగ్గుతూ ఉంటే అక్కడ కూడా కిటికీలు తెరిచే ఉంచండి.