మామూలు కన్నీళ్లు చాలవు

తండ్రిని దేశం నుంచి పంపేస్తారని తెలిస్తే పదేళ్ల పిల్లవాడు ఏడుస్తాడు. రాత్రిళ్లు నిద్రపోడు. బడిలో మార్కులు పడిపోతాయి. అమెరికా ఇమిగ్రేషన్ కోర్టులో ఇదంతా చెప్పుకుంటే జడ్జి వింటాడు. విని, ఏ పిల్లవాడికైనా ఉండే బాధే కదా అంటాడు. చట్టం అడిగేది వేరు. తండ్రి దూరమైతే ఈ పిల్లవాడు పడే కష్టం, అదే స్థితిలో మిగతా పిల్లలు పడే కష్టం కన్నా చాలా పెద్దదని నిరూపించాలి. నిరూపిస్తే తండ్రి ఉంటాడు. లేకపోతే సామాను సర్దుకోవాలి.

కాగితాలు లేకుండా ఏళ్ల తరబడి అక్కడే స్థిరపడ్డ తల్లికో తండ్రికో మిగిలే దాదాపు చివరి దారి పేరు ‘క్యాన్సిలేషన్ ఆఫ్ రిమూవల్’. దీనికి పదేళ్లు ఎడతెగకుండా ఆ దేశంలో ఉండాలి. నడవడి మంచిదై ఉండాలి. కొన్ని రకాల నేరాల్లో శిక్ష పడి ఉండకూడదు. ఈ మూడూ కుదిరాక అసలు పరీక్ష మొదలవుతుంది. పౌరసత్వమో గ్రీన్‌కార్డో ఉన్న జీవిత భాగస్వామికి, పిల్లలకు, లేదా కన్నవాళ్లకు ‘అసాధారణమైన, అత్యంత అరుదైన కష్టం’ తప్పదని చూపించాలి. పంపించబోయే మనిషి పడే కష్టం మాత్రం లెక్కలోకి రాదు. పాతికేళ్ల కింద వదిలేసిన ఊళ్లో ఆయనకు ఇల్లు లేదు, పని లేదు, పలకరించే దిక్కు లేదు అన్నది ఆయన సొంత గొడవ.

ఎప్పుడూ ఇలాగే లేదు. 1996కి ముందున్న చట్టానికి ఏడేళ్లు చాలు, తీవ్రమైన కష్టం చాలు, ఆ కష్టం దరఖాస్తు పెట్టుకున్న మనిషిదే అయినా చాలు. 1996 సెప్టెంబరు 30న బిల్ క్లింటన్ సంతకం చేసిన కొత్త చట్టం ఏడేళ్లను పదేళ్లు చేసింది, కష్టం కొలతను పెంచింది, ఆ మనిషినే కొలతలోంచి తీసేసింది. ప్యూ రీసెర్చ్ సెంటర్ అంచనా ప్రకారం 2022 నాటికి అమెరికాలో పుట్టి, కాగితాలు లేని తల్లితోనో తండ్రితోనో ఉంటున్న పద్దెనిమిదేళ్ల లోపు పిల్లలు 44 లక్షల మంది. వాళ్లందరి ఇళ్లమీదా ఉన్న చట్టం ఇది.

ఇద్దరు మెక్సికన్లు, రెండు తీర్పులు

ఆ కష్టం ఎంత ఉండాలన్నది 2001, 2002ల్లో బోర్డ్ ఆఫ్ ఇమిగ్రేషన్ అప్పీల్స్ ఇచ్చిన తీర్పుల్లో తేలింది. మొదటిది మొన్రియల్ కేసు. అతను పద్నాలుగేళ్ల వయసులో మెక్సికో నుంచి వచ్చాడు. కేసు నాటికి ముప్ఫై నాలుగేళ్లు, అంటే బతుకులో ఎక్కువ భాగం అమెరికాలోనే గడిచింది. కన్నవాళ్లకు గ్రీన్‌కార్డు ఉంది. ముగ్గురు పిల్లలూ అమెరికా పౌరులే. భార్య చంటిబిడ్డను తీసుకుని ముందే మెక్సికో వెళ్లిపోయింది. పన్నెండేళ్లవాడొకడు, ఎనిమిదేళ్లవాడొకడు తండ్రి దగ్గర ఉండిపోయారు. బోర్డు వాదన సూటిగా ఉంది: మనిషి ఆరోగ్యంగా ఉన్నాడు, అక్కడా పని చేసుకోగలడు, పిల్లలు వెళితే తల్లి దగ్గరికే చేరతారు. బాధ నిజమే కానీ అరుదైనది కాదు. దరఖాస్తు కొట్టేశారు.

మరుసటి ఏడు రెసినాస్ కేసులో మాత్రం తల్లి గెలిచింది. ఆమెకు విడాకులయ్యాయి. ఆరుగురు పిల్లలు, అందులో నలుగురు అమెరికా పౌరులు. పిల్లల బాగోగుల్లో సాయపడుతున్న అమ్మమ్మకు గ్రీన్‌కార్డు ఉంది. మెక్సికోలో నా అన్నవాళ్లు ఎవరూ లేరు. చిన్నపిల్లలకు స్పానిష్ సరిగా రాదు. ఇన్ని ఉన్నా బోర్డు ఆమెను ఉండనిస్తూనే, చట్టం ఒప్పుకునే హద్దుకు ఈ కేసు అంచున ఉందని రాసుకుంది. అంచు అంటే ఇంకో అడుగు పడితే అవతలే. రెండు తీర్పులూ పక్కపక్కన పెట్టి చదివితే నాకు తోచింది ఇది: ఈ చట్టం మెచ్చేది కుదురుగా నిలిచిన కుటుంబాన్ని కాదు, ఏ ఆసరా లేక కూలడానికి సిద్ధంగా ఉన్న కుటుంబాన్ని. సొంతూళ్లో ఒక అన్నో తమ్ముడో బతికి ఉండటం కూడా ప్రభుత్వ లాయరు చేతికి ఆయుధమే.

అందుకే లాయరు దగ్గరికి వెళ్లిన ఇంటివాళ్లు తమ దుఃఖానికి ఫైలు కట్టడం మొదలుపెడతారు. పదేళ్ల అద్దె రసీదులు, పన్ను రిటర్నులు, కరెంటు బిల్లులు ఒక కట్ట. డాక్టరు ఉత్తరాలు, మందుల చీటీలు ఇంకో కట్ట. పిల్లవాడికి ఆటిజం ఉంటే, ఉబ్బసం ఉంటే ఆ రికార్డు అన్నిటికన్నా విలువైనది. టీచరు రాసిచ్చిన ఉత్తరం, సైకాలజిస్టు మూల్యాంకనం, స్వదేశంలో ఆ జబ్బుకు వైద్యం దొరకదని చూపే నివేదికలు. పిల్లవాడు చక్కగా చదువుకుంటున్నాడు, ధైర్యంగా ఉన్నాడు అన్న మాట ఇంకెక్కడైనా మెచ్చుకోలు, ఇక్కడ కేసుకు గండి. తనలోని లోపాన్ని పెద్దది చేసి చూపితేనే నాన్న ఇంట్లో ఉంటాడని పన్నెండేళ్ల పిల్లకు అర్థమవుతుంది. ఏ పిల్లకూ నేర్పకూడని పాఠమిది.

ఇరవై ఒకటో పుట్టినరోజు

కేసు గెలిచినా గడప దాటినట్టు కాదు. దేశం మొత్తం మీద ఏడాదికి 4,000 మందికి మించి ఈ ఊరట ఇవ్వకూడదని అదే 1996 చట్టం పరిమితి పెట్టింది. ఇమిగ్రేషన్ కోర్టుల్లో పెండింగు కేసులు 30 లక్షలు దాటాయి. వాయిదాల మీద వాయిదాలు పడుతుంటే పిల్లలు ఎదిగిపోతారు. ఇరవై ఒకటి నిండిన రోజు నుంచి ఆ బిడ్డ చట్టం దృష్టిలో ‘పిల్ల’ కాదు, ఆమె కష్టం కొలతకు రాదు. లెక్కకు వచ్చే వేరే బిడ్డలో, జీవిత భాగస్వామో, కన్నవాళ్లో లేకపోతే కేసు అక్కడితో కూలుతుంది. ఆలస్యం కోర్టుది, పోయేది కుటుంబం.

మరి ఇరవై ఒకటి నిండిన పౌరులు కన్నవాళ్లకు గ్రీన్‌కార్డు పిటిషను వేయొచ్చు కదా అని మనవాళ్లు అడుగుతారు. వేయొచ్చు. కానీ తండ్రి ఆ దేశంలోకి ఎలా వచ్చాడన్నదాని మీద అంతా ఆధారపడుతుంది. విమానం దిగి, వీసా మీద ముద్ర వేయించుకుని వచ్చి గడువు దాటాక ఉండిపోయినవాడైతే, పిల్లల పిటిషను మీద అక్కడే గ్రీన్‌కార్డు అడిగే వీలుంది. సరిహద్దు దాటి వచ్చినవాడికి, బాగా పాత పిటిషన్ల వంటి కొద్దిపాటి మినహాయింపులు తప్ప, ఆ వీలు లేదు. స్వదేశానికి వెళ్లి అక్కడి అమెరికా కాన్సులేటులో తెచ్చుకోవాలి. ఏడాదికి మించి అక్రమంగా ఉన్నవాడు దేశం విడిచిన క్షణాన పదేళ్ల నిషేధం పడుతుంది. దాన్ని మాఫీ చేయమని అడగాలంటే మళ్లీ కష్టం చూపించాలి, ఈసారి భార్యదో భర్తదో కన్నవాళ్లదో మాత్రమే. పిటిషను వేసిన బిడ్డ కష్టం అక్కడ చెల్లదు. ఇంత మెలిక తిరిగిన నిబంధన ఎవరికి తోచిందో గానీ, చదివినప్పుడల్లా ఇంకోసారి చూసుకోవాల్సి వస్తుంది.

అమెరికా వెళ్లిన తెలుగువాళ్లలో ఎక్కువమంది చదువు వీసా, ఉద్యోగ వీసా మీద వెళ్లినవాళ్లే కాబట్టి ఈ కథ మనది కాదనుకుంటాం. కాగితాలు లేని భారతీయులు 2021లో 7.25 లక్షల మంది అని ప్యూ అంచనా వేస్తే, 2022కి 2.2 లక్షలని ఆ దేశపు హోంల్యాండ్ సెక్యూరిటీ శాఖ లెక్క చెప్పింది. ఏది నమ్మినా అది చిన్న ఊరు కాదు.

ఒక టిక్కు గుర్తు

భారతీయ కుటుంబం ఒకటి ఇలాంటి గొడవతో అమెరికా సుప్రీంకోర్టు దాకా వెళ్లింది. పటేల్ వర్సెస్ గార్లాండ్. పటేల్ భార్యతో 1990ల్లో అనుమతి లేకుండా వచ్చాడు, జార్జియాలో స్థిరపడ్డాడు, పిల్లలు అక్కడే పెరిగారు. 2007లో గ్రీన్‌కార్డుకు దరఖాస్తు పెట్టుకున్నాడు. 2008లో డ్రైవింగ్ లైసెన్సు ఫారంలో ‘అమెరికా పౌరుడిని’ అన్న గడిలో టిక్కు పెట్టాడు. పొరపాటున పెట్టానన్నాడు. పౌరుడు కాకపోయినా ఆ లైసెన్సుకు అతను అర్హుడే, అబద్ధం వల్ల వచ్చే లాభం లేదు. రాష్ట్ర ప్రభుత్వం కూడా కేసు వదిలేసింది. ఇమిగ్రేషన్ జడ్జి మాత్రం నమ్మలేదు, పంపేయమన్నాడు. జడ్జి వాస్తవాన్ని తప్పుగా అంచనా వేశాడనిపించినా దాన్ని తిరగదోడే అధికారం ఫెడరల్ కోర్టులకు లేదని 2022 మేలో సుప్రీంకోర్టు 5-4 తేడాతో చెప్పింది. దాన్ని తప్పుబడుతూ భిన్నతీర్పు రాసింది ఉదారవాది కాదు, సంప్రదాయవాదిగా పేరున్న జస్టిస్ గోర్సచ్. రెండేళ్లకు ట్రినిడాడ్ నుంచి వచ్చిన ఒక తండ్రి కేసులో కోర్టు కాస్త తలుపు తెరిచింది. కొడుక్కి తీవ్రమైన ఉబ్బసం. ఆ కష్టం చట్టం చెప్పిన కొలతకు చేరిందా లేదా అన్నది పై కోర్టు చూడొచ్చంది. ఆ ఉబ్బసం ఎంత తీవ్రమన్నది మాత్రం ఇమిగ్రేషన్ జడ్జి చెప్పిందే ఖాయం.

ఈ జడ్జి మనం అనుకునే జడ్జి కాదని కూడా చెప్పాలి. న్యాయవ్యవస్థలో భాగం కాదు, అమెరికా న్యాయ శాఖ ఉద్యోగి. ఆయన ముందు నిలబడ్డవాళ్లకు ప్రభుత్వం లాయరును పెట్టదు. దీని మూలం 1893లో ఉంది. చైనా కూలీలు తమ నివాసాన్ని రుజువు చేసుకోవాలని, సర్టిఫికెట్టు లేకపోతే కనీసం ఒక తెల్ల సాక్షిని తేవాలని 1892 చట్టం అంది. చైనా సాక్షులను మాత్రమే తేగలిగినవాడు కూడా ఉన్న ముగ్గురి కేసులో, పంపేయడం నేరానికి వేసే శిక్ష కాదని సుప్రీంకోర్టు తీర్పిచ్చింది. శిక్ష కానప్పుడు నేరస్థుడికుండే రక్షణలు కూడా అక్కర్లేదు. దొంగతనం చేసినవాడికి ప్రభుత్వ ఖర్చుతో లాయరు వస్తాడు, ముప్ఫై ఏళ్లు ఇళ్లు కట్టిన తాపీమేస్త్రీకి రాడు.

2025లో ఈ నిబంధనల మీద ఇంకో పొర చేరింది. 100 డాలర్లున్న దాఖలు రుసుముకు ఇంకో 1,500 డాలర్లు చేరాయి. సరిహద్దు దాటి వచ్చినవాళ్లకు బెయిలిచ్చే అధికారం ఇమిగ్రేషన్ జడ్జీలకు లేదని సెప్టెంబరులో అప్పీళ్ల బోర్డు తేల్చింది. చాలామంది ఫెడరల్ జడ్జీలు దాన్ని ఒప్పుకోలేదు, అది వేరే యుద్ధం. ఇంట్లో ఉండి, పని చేసుకుంటూ నడుపుకోవాల్సిన కేసును నిర్బంధ కేంద్రం నుంచి నడుపుకోవాలంటే సంపాదన ఆగుతుంది, లాయరు ఫీజు ఆగదు. అదే నెలలో ఉత్తర కాలిఫోర్నియాలో ఒక పంజాబీ బామ్మ మామూలు హాజరుకని వెళితే అక్కడే పట్టుకున్నారు. వయసు 73, అమెరికాలో 33 ఏళ్లు. శరణార్థి దరఖాస్తు ఏనాడో ఓడిపోయింది, ప్రయాణ పత్రాలు దొరక్క పంపలేకపోయారు. పదమూడేళ్లకు పైగా ఆరు నెలలకోసారి తప్పకుండా హాజరవుతూ వచ్చింది. ఒక్కసారి ఇంటికి పంపండి, అందరికీ చెప్పి మామూలు విమానంలో వెళుతుంది అని కుటుంబం అడిగింది. వినలేదు, ఢిల్లీ పంపేశారు.

మన వైపు పన్నెండేళ్లు ఏ ఆటంకం లేకుండా అనుభవంలో ఉంటే పరాయి పొలం మీద కూడా హక్కు అడుగుతారు, లిమిటేషన్ చట్టం దానికి చోటిచ్చింది. కాలం గడిచేకొద్దీ వేళ్లు దిగుతాయన్న ఈ లెక్కను అమెరికా కూడా ఒకప్పుడు మనుషులకు వర్తింపజేసింది. ‘రిజిస్ట్రీ’ అనే నిబంధన 1929 నుంచి ఉంది. ఫలానా తేదీకి ముందు నుంచి ఇక్కడే ఉన్నావా, నడవడి బాగుందా, అయితే గ్రీన్‌కార్డు తీసుకో అంటుంది. పిల్లల జబ్బులు, కన్నీళ్లు ఏవీ చూపనక్కర్లేదు. ఆ తేదీని కాంగ్రెస్ అప్పుడప్పుడూ ముందుకు జరుపుతూ వచ్చింది. చివరిసారి 1986లో జరిపి 1972 జనవరి 1 దగ్గర నిలిపింది. 2022లో ప్రతినిధుల సభలో జో లోఫ్‌గ్రెన్ పెట్టిన బిల్లు, ఏడేళ్లు ఉన్నవాళ్లకు దారి చూపేలా ఆ తేదీని కదిలే తేదీగా మార్చమంది. ఆ బిల్లు చట్టం కాలేదు. ఇవాళ ఆ దారిన వెళ్లాలంటే యాభై ఏళ్లకు పైగా అక్కడ ఉండి ఉండాలి.