కన్నవాళ్లున్న అనాథలు

వేసవి సెలవులు వచ్చాయంటే అమెరికా చర్చీల్లో మిషన్ ట్రిప్‌ల సందడి మొదలవుతుంది. ఒకే రంగు టీషర్టులు వేసుకుని, నెలల తరబడి పోగుచేసిన విరాళాలతో, వారం పదిరోజుల కోసం ఏ కంబోడియాకో హైతీకో ఉగాండాకో బయల్దేరతారు. ఇలా విదేశాలకు వెళ్లే చర్చి సభ్యులు ఏడాదికి 16 లక్షల మంది దాకా ఉంటారని ప్రిన్స్‌టన్ ఆచార్యుడు రాబర్ట్ వుత్‌నౌ లెక్కగట్టారు. అక్కడ పెరిగిన తెలుగు కుటుంబాల పిల్లలూ ఈ బృందాల్లో ఉంటున్నారు. వాళ్ల మనసులో కల్మషం లేదు. దిక్కులేని పిల్లలను పరామర్శించమనే యాకోబు పత్రిక వాక్యాన్ని సండే స్కూల్ రోజుల నుంచీ విన్నవాళ్లు, దాన్ని ఆచరణలో పెట్టాలనే సొంత డబ్బు పెట్టుకుని వెళ్తారు.

అనాథాశ్రమం గేటులోకి వ్యాను రాగానే పిల్లలు వరుసకట్టి పాట పాడతారు. తర్వాత యాక్షన్ సాంగులు, బెలూన్లు, బొమ్మలకు రంగులేయడం. ఈ సందట్లో ఓ మూడేళ్ల పాప, వచ్చి పది నిమిషాలైనా కాని అమ్మాయి ఒళ్లోకి ఎక్కి, మెడ చుట్టూ చేతులు వేసి, ఇక దిగనంటుంది. ఆ అమ్మాయి కళ్లు చెమరుస్తాయి. ఇంటికెళ్లాక అందరికీ ముందు చూపించేది ఆ ఫొటోనే.

మనింట్లో మూడేళ్ల పిల్ల అలా చేస్తుందా? కొత్తవాళ్లొస్తే అమ్మ కొంగు వెనక దాక్కుని తొంగి చూస్తుంది. కాసేపు బెట్టు చేసి గానీ దగ్గరికి రాదు. తనకంటూ ఒక మనిషి ఉన్న బిడ్డ తీరు అది. ఎవరు పిలిచినా ఒళ్లోకి వచ్చేస్తోందంటే, ఆ బిడ్డకు తనదైన మనిషి కరువయ్యారేమోనని అనుమానించాలి. రుమేనియా రాజధాని బుకారెస్ట్‌లో 2000లో మొదలైన అధ్యయనం ఈ సంగతిని దగ్గరగా చూసింది. ఆశ్రమాల్లో పెరుగుతున్న 136 మంది పసివాళ్లలో కొందరిని పెంపుడు కుటుంబాలకు అప్పగించి, ఏళ్ల తరబడి గమనించారు. రెండేళ్లు నిండకముందే ఇంటి నీడకు చేరినవాళ్లు ఎక్కువగా కోలుకున్నారు. మరి వారానికో బృందం వచ్చి, ముద్దుచేసి, టాటా చెప్పి వెళ్లిపోయే చోట పెరిగే బిడ్డ ఎన్నిసార్లు ఒకరిని పోగొట్టుకుంటోంది? నన్ను అన్నిటికన్నా బాధపెట్టేది ఇదే.

అసలు వాళ్లంతా అనాథలేనా? కంబోడియాలో యుద్ధం ముగిసి, జనం కాస్త తేరుకున్నాక ఆశ్రమాలు తగ్గాలి. కానీ 2005లో 154 ఉన్నవి 2010 నాటికి 269 అయ్యాయి. వాటిలోని పిల్లల్లో ముప్పాతిక మందికి తల్లో తండ్రో బతికే ఉన్నారని యూనిసెఫ్ తేల్చింది. అంకోర్ వాట్ చూడవచ్చే విదేశీయులతో కిటకిటలాడే సియెమ్ రీప్‌లో ఆశ్రమాలకూ కొదవలేదు. చూడవచ్చేవాళ్లు కానుకలు ఇస్తున్నకొద్దీ పిల్లల అవసరం పెరిగింది. దాంతో పల్లెలకు మనుషులు వెళ్లారు. చదువు చెప్పిస్తాం, ఇంగ్లిషు వస్తుంది, మూడు పూటలా తిండి పెడతాం అన్నారు. ఏ పేద తల్లి కాదంటుంది? మన ఊళ్లలోనూ ‘మావాణ్ని హాస్టల్లో వేశాం’ అనే తల్లులు ఎందరో. బిడ్డను వదులుకున్నామని వాళ్లు కలలో కూడా అనుకోరు. ఆ బిడ్డే విరాళాల కరపత్రం మీదికి ఎక్కేసరికి అనాథ అయిపోతుంది.

2010 జనవరిలో భూకంపం హైతీని కుప్పకూల్చిన కొద్దిరోజులకే, అమెరికాలోని ఐడహో నుంచి వెళ్లిన బాప్టిస్టుల బృందం 33 మంది పిల్లలను సరిహద్దు దాటిస్తూ పట్టుబడింది. తీరా చూస్తే వాళ్లకు కన్నవాళ్లున్నారు. మంచి చదువు దొరుకుతుందని తమ చేతులతోనే అప్పగించారు. ఇలాంటివి చూశాకే ప్రభుత్వాలు కదిలాయి. పిల్లలను ఆశ్రమాలకు తరలించడాన్ని ఆధునిక బానిసత్వంగా 2018లో ఆస్ట్రేలియా గుర్తించింది. ఆశ్రమాల్లో విదేశీ వలంటీర్ల వల్ల జరిగే కీడు గురించి 2019లో ఐక్యరాజ్యసమితి సర్వప్రతినిధి సభ హెచ్చరించింది.

సేవ మానేయమని ఇదంతా చెప్పడం లేదు. క్రైస్తవ సేవకు ఇంతకన్నా మంచి చరిత్రే ఉంది. 1836లో బ్రిస్టల్‌లో జార్జ్ ముల్లర్ అనాథ గృహం తెరిచారు. తల్లీ తండ్రీ ఇద్దరూ చనిపోయిన పిల్లలనే చేర్చుకోవాలన్నది ఆయన పెట్టుకున్న నియమం. అదే ఏడాది ఆయన బావమరిది ఆంథొనీ నోరిస్ గ్రోవ్స్ వెంట ఇంగ్లండు నుంచి బయల్దేరిన బౌడెన్, బీర్ దంపతులు మన నరసాపురం చేరారు. తెలుగు నేర్చుకున్నారు, ఇక్కడే ఉండిపోయారు. విమానాలు లేని ఆ రోజుల్లో వారం ట్రిప్పుకు వీల్లేదు నిజమే, కానీ ఊరి భాష వచ్చినవాళ్లకే ఊరి బిడ్డ కష్టం తెలుస్తుంది.

మార్పు చర్చీల లోపలి నుంచీ వస్తోంది. ‘చిల్డ్రన్ ఇన్ ఫ్యామిలీస్’ అనే క్రైస్తవ సంస్థ 2006 నుంచి కంబోడియాలోనే పిల్లలను బంధువుల ఇళ్లకో పెంపుడు కుటుంబాలకో చేరుస్తోంది. డబ్బు లెక్క చూసినా, బృందాలు వెళ్లడం కన్నా అక్కడివాళ్లకే పని అప్పగించడం మేలు. 1998 తుపాను తర్వాత హోండురస్‌లో మిషన్ బృందాలు కట్టిన ఇల్లు, ప్రయాణ ఖర్చులతో కలిపి, 30 వేల డాలర్లయింది. స్థానిక సంస్థలు కడితే 2 వేలు. కర్ట్ వెర్ బీక్ అనే క్రైస్తవ పరిశోధకుడే ఈ లెక్క బయటపెట్టారు. ఒక్కరి విమానం టికెట్టుతో ఒక తల్లికి కుట్టుమిషనూ బిడ్డకు ఏడాది ఫీజూ వస్తాయి.

మన గుంటూరు, గోదావరి జిల్లాల హోములకూ విదేశీ బృందాలు వస్తూనే ఉన్నాయి. ఆ బృందాలను పంపే చర్చి పెద్దలు కొన్ని సంగతులు ముందే తెలుసుకోవాలి. 2015 బాలల న్యాయ చట్టం కింద హోము నమోదై ఉండాలి. ఆ చట్టంలోని 74వ సెక్షన్ సంరక్షణ, రక్షణ అవసరమైన పిల్లల ఆనవాళ్లు బయటపెట్టడాన్ని నిషేధిస్తుంది కనుక, ఒళ్లో పాపతో ఫొటో ఫేస్‌బుక్‌లో పెట్టకూడదు. పేద కుటుంబం బిడ్డను తన దగ్గరే ఉంచుకునేందుకు మిషన్ వాత్సల్య కింద నెలకు 4 వేల రూపాయల సాయం ఉంది. అది ఆ తల్లులకు అందేలా చూడటం గొప్ప పరిచర్య.

ఇక హోము నడిపే పాస్టరుగారిని అడగాల్సినవి ఉన్నాయి. అయ్యగారూ, ఈ పిల్లల్లో అమ్మో నాన్నో ఉన్నవాళ్లెవరు? కిందటి క్రిస్మస్‌కు ఎంతమంది ఇంటికి వెళ్లారు? ఈసారి మేం రాకుండా ఆ డబ్బు పంపితే, ఎంతమందిని ఇంట్లోనే ఉంచి చదివించవచ్చు?