అమెరికా పాత పత్రికలలో మన తెలుగుసీమ

వేసవి సెలవులకు ముందు మా విద్యార్థులు కొందఱు కంప్యూటరు ముందు కూర్చుండి, అమెరికా దేశపు పాత వార్తాపత్రికలలో ‘జగ్గయ్యపేట’ అను పేరును వెదకిరి. పనికివచ్చునది ఏమియు దొరకలేదు. ‘నందిగామ’ యని వెదకిరి. అంతే. “అయ్యగారూ, అమెరికావారికి మన సీమ యున్నట్లే తెలియదండి” అని వచ్చి చెప్పిరి. ఆ మాట సరికాదని నాడు వారికి చెప్పినదానినే, తల్లిదండ్రులకును ఉపయోగపడునను తలంపుతో నిచ్చట వ్రాయుచున్నాము.

వాషింగ్టను నగరమందలి ‘లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్’ అను మహాగ్రంథాలయమువారు 2007వ సంవత్సరము నుండి ‘క్రానిక్లింగ్ అమెరికా’ అను పేరుతో తమ దేశపు పూర్వపత్రికలను ఇంటర్నెట్టునందు ఉచితముగ చూపుచున్నారు. పదునెనిమిదవ శతాబ్దము మొదలుకొని 1963 వరకు గల పుటలు అందు రెండు కోట్లకు పైగా నున్నవి. పుటల ఛాయాచిత్రములను యంత్రము అక్షరమక్షరముగ చదివి ఒక పాఠమును సిద్ధపఱచును. మనము పేరు వ్రాసి వెదకునప్పుడు వెదకబడునది పత్రిక కాదు, యంత్రము చదివిన ఆ పాఠము. సిరా చెదరినచోట యంత్రము తప్పు చదువును. ఆర్, ఎన్ అను ఇంగ్లీషు అక్షరములు ప్రక్కప్రక్కన నున్నయెడల ఎమ్ అని భ్రమపడును. పంక్తి చివర విఱిగిన మాట రెండు ముక్కలై పోవును. కనుక ‘దొరకలేదు’ అనగా ‘లేదు’ అని యర్థము కాదు.

అంతకంటె పెద్ద చిక్కు పేళ్లది. ‘తెలుగు’ అను మాటను ఇప్పుడు యు అక్షరముతో వ్రాయుచున్నారు గాని, నూటయేబది యేండ్ల క్రిందట మిషనెరీలు పెక్కుసారులు రెండేసి ఓ అక్షరములు పెట్టి ‘టెలూగూ’ అని వ్రాసెడివారు. విజయవాడను బెజవాడ యనియు, బందరును మసూలిపటం అనియు, కృష్ణను కిస్ట్నా యనియు వెదకవలెను. కృష్ణాజిల్లా 1859లో నేర్పడినది. గుంటూరు దానినుండి 1904లో విడిపోయినది. కావున 1880లో నొక పత్రిక ‘కిస్ట్నా జిల్లా’ యని వ్రాసినయెడల అది ఏటికి ఆవలియొడ్డున జరిగిన సంగతియు కావచ్చును. మన జగ్గయ్యపేట పూర్వనామము బేతవోలు. వాసిరెడ్డి వేంకటాద్రినాయుడుగారు తమ తండ్రి పేరిట దానికి నేటి పేరు పెట్టిరి. ఈ సంగతి మన పిల్లలలో ఎందఱికి తెలియునో!

ఇంకొక కారణముకూడ గలదు. మన మెట్టసీమ ఇంగ్లండునందలి చర్చి మిషనరీ సొసైటీవారి పొలము. వారి మిషనెరీలు వ్రాసిన ఉత్తరములు, నివేదికలు నేడు బర్మింగ్‌హామ్ విశ్వవిద్యాలయమునందున్నవి. అమెరికనుల చూపు నెల్లూరు, ఒంగోలు బాప్తిస్టు సంఘములమీదను, గుంటూరు లూథరను సంఘముమీదను ఉండెను. కాబట్టి అమెరికా పత్రికలలో తెలుగువారిని చూడగోరువారు ఒంగోలుతో మొదలుపెట్టవలెను.

1878 జూలై 3వ తేదీన గుండ్లకమ్మ యొడ్డున వెల్లంపల్లివద్ద ఒక్కదినమున 2,222 మంది బాప్తిస్మము పొందిరి. దీనిని జూలై పత్రికలలో వెదకిన ప్రయోజనము లేదు. మిషనెరీ ఉత్తరము ఓడనెక్కి సముద్రములు దాటవలెను. అందుచేత తరువాతి నెలలను, మఱుసటి సంవత్సరమునుకూడ చూడవలెను. దొరికినప్పుడైనను జాగ్రత్త యవసరము. ఆ కాలపు ఊరి పత్రికలు ఒకదానినుండి యొకటి కత్తిరించి వేసికొనెడివి. పది పత్రికలలో ఒకే వార్త యొకే మాటలతో కనబడినయెడల అది పది సాక్ష్యములు కాదు, ఒక్కటే. ధర్మశాస్త్రము కోరినట్లు రెండవ సాక్షిని వేఱుచోట వెదకవలెను.

ఎందుకింత పట్టుదల యని యడుగవచ్చును. 1876–78 సంవత్సరములలో ఘోరమైన కఱవు వచ్చెను. ఒంగోలు మిషనెరీ క్లౌ దొరగారు బకింగ్‌హామ్ కాలువలో మూడున్నర మైళ్ల త్రవ్వకమును గుత్తకు తీసికొని ఆకలిగొన్నవారికి కూలి కల్పించిరి. ఆ కాలమున, అన్నముకొఱకు మతము పుచ్చుకొనిరన్న మాట రాకుండుటకై, ఒక సంవత్సరమునకు పైగా ఎవరికిని బాప్తిస్మమీయక ఆపిరి. కఱవుపని ముగిసిన పిమ్మటనే జనులు గుండ్లకమ్మకు వచ్చిరి. కొద్ది పంక్తుల వార్తలో 2,222 అను అంకె నిలుచును, ఈ విరామము జారిపోవును. అట్లు జారిపోయిన చోటనే ‘బియ్యపు క్రైస్తవులు’ అను నింద మొలచును. ఆ మాట మన విద్యార్థులలో కొందఱు నేటికిని సంతలో, బస్సులో వినుచున్నారు. వినినప్పుడు తలవంచుకొనక, కోపపడక, తేదీలు చెప్పగలుగుట మంచిది.

అయితే ఆ పత్రికలు మనవారిని ‘అజ్ఞానులు’ అను మాటతోనే పెక్కుచోట్ల పేర్కొనినవి. చదువునప్పుడు దానిని ఆ కాలపు మాటగ గుర్తింపుడు. మీ వ్యాసములలోనికి మాత్రము దింపుకొనకుడు. ఆ దినమున నీటిలో నిలిచి బాప్తిస్మమిచ్చినవారు ఆరుగురు తెలుగు బోధకులు, దొరగారు కారు. ఒక పత్రికలో వారి పేళ్లు లేకున్న, మఱియొకదానిలోను, మిషను నివేదికలలోను వెదకుడు.

ఇంటికి చేరువనున్నదానినికూడ మఱువరాదు. 1902లో బందరునందు పుట్టిన కృష్ణాపత్రికను, తరువాతి ఆంధ్రపత్రికను వెదకువారు తెలుగు అక్షరములతో చదువుకొనవచ్చును. సంఘపు బాప్తిస్మ రిజిస్టరులో ఏ పత్రికయు అచ్చువేయని మీ ముత్తాత పేరుండవచ్చును. దసరా సెలవులలో ప్రతి విద్యార్థియు తన యూరి పూర్వనామమును, ఆ పేరును ఇంగ్లీషులో పాత దస్తావేజులమీద ఎట్లు వ్రాసిరో దానిని, పెద్దల నడిగి ఒక కాగితముమీద వ్రాసి తేవలెను. ఆ కాగితములు ముందుంచుకొని మరల వెదకుదము.