జనసమ్మర్దంలో ఛాయాచిత్రకళ

పాతకార్ల ప్రదర్శన అనగానే 1964లో ఢిల్లీలో స్టేట్స్‌మన్ పత్రిక ప్రారంభించిన ర్యాలీ స్ఫురిస్తుంది. అటువంటి చోట్ల కారుకంటే ముందు జనమే కనబడతారు. మేము తొలిసారి కెమెరాతో ఒక ప్రదర్శనకు వెళ్ళినప్పుడు నిండు కారు కోసమే తాపత్రయపడ్డాము. ప్రతి చిత్రానికీ ఎవరిదో ఒక భుజం అడ్డు!

లోపం జనానిది కాదు, మా చూపుది. పూర్ణరూపం దొరకని చోట అవయవ సౌందర్యాన్ని వెదకాలి. కారుదీపం ఎత్తుకు వంగి, అపర్చరును ఎఫ్ 2.8 వరకు విప్పి దగ్గరనుండి తీస్తే వెనుకనున్న గుంపు మసకబారుతుంది. ప్రదర్శనశాల లోపలైతే అపర్చరును తగ్గించి, కెమెరాను కదలని ఆధారంపై నిలిపి, అరసెకను షట్టరు తెరవాలి. కారు నిశ్చలంగా నిలుస్తుంది. నడిచే జనం పొగమంచువలె సాగిపోతారు. రంగుపూతపై, అద్దంపై పడే మెరుపును పోలరైజింగ్ ఫిల్టరు తగ్గిస్తుంది. క్రోమియంపై మాత్రం అది పనిచేయదు.

ఆ అశక్తతే మాకు వరమైంది. బంపరులో వంకరగా ప్రతిఫలించిన గుంపు నడుమ, తండ్రి భుజాలపై కూర్చున్న పసివాని ముఖం కనిపించింది. తండ్రిని అడిగి తీసుకొన్న ఆ చిత్రమొక్కటే ఆనాటివాటిలో నేటికీ మా వద్ద మిగిలింది. విద్యార్థులారా, అడ్డమని విసుగుకొనే ముందు ఒక్క క్షణం ఆ అడ్డంవైపే చూడండి.