చదువరిని నిలుపు విషయము

గుత్తి నుండి పత్తికొండకు పోవు దారిలో ఎఱ్ఱగుడి అను గ్రామము కలదు. దాని సమీపమున గుట్టబండలపై అశోక చక్రవర్తి చెక్కించిన శాసనములున్నవి. అవి క్రీ.పూ. 3వ శతాబ్దము నాటివి. పత్తికొండ ప్రాంతమందలి రాజులమందగిరిలోను ఆయన శాసన మొకటి కలదు. వీని చరిత్రను పండితులు విపులముగా వ్రాసియున్నారు. దానిని మరల చెప్పుట నా ఉద్దేశము కాదు. పదిమంది చదువవలెనని వ్రాయువారు, ఊరిలో గోడపత్రిక నడుపు యువకుడు కానిండు, వారపత్రికలో ఒక శీర్షిక పూనుకొన్న గృహిణి కానిండు, ఆ బండల వద్ద నేర్వదగిన దొకటి కలదు. అది విషయమును ఎన్నుకొను విధము.

చక్రవర్తి తలచినచో తన వంశావళితోను, బిరుదులతోను ఆ బండలను నింపియుండవచ్చును. ఎఱ్ఱగుడిలో మనకు కనబడునవి వేరు. తల్లిదండ్రుల మాట వినుట, గురువును గౌరవించుట, సత్యము పలుకుట, ప్రాణులయెడ దయ చూపుట. మనుష్యులకును పశువులకును వైద్యము. బాటల ప్రక్క బావులు, చెట్లు. కళింగ యుద్ధమును చెప్పినచోట సైతము గెలుపుకంటె పశ్చాత్తాపమునకే చోటెక్కువ. రాజుగారి వంటశాలలో పూర్వము లెక్కలేనన్ని ప్రాణులు చచ్చుచుండగా, ఇప్పుడు రెండు నెమళ్లు, ఒక లేడి మాత్రమేయనియు, ఆ లేడియు నిత్యము కాదనియు చెప్పెను. వంటయింటి సంగతి యనగానే వినువాడు చెవి యొగ్గును. ధర్మబోధను భేరి మ్రోగించి పల్లెలవారికి వినిపింపవలెనని అధికారులకు ఆజ్ఞయు కలదు. నాటి భేరి చేసిన పనిని నేడు మన ఇంటి రేడియో చేయుచున్నది. చదువురాని వాడును ఆ భేరి వద్ద నిలిచి వినదగిన విషయము లవి. ఏలయన అవి వాని ఇంటి సంగతులే.

చదువరిని ఆకర్షించుట ఒకటి, నిలుపుకొనుట మరియొకటి. ఈ భేదమును పత్తికొండవారికి వివరించుటకు రెండు వస్తువులు చాలును: వజ్రము, టమాట.

తొలకరి వానలు పడగానే జొన్నగిరి, తుగ్గలి, పత్తికొండ పరిసరముల పొలములలో వజ్రముల వెదకులాట మొదలగును. వాననీటికి పైమట్టి కొట్టుకొనిపోయి రాళ్లు బయటపడును. దూరపు ఊళ్లనుండియు జనులు వచ్చి, వంగి నేలను చూచుచు దినములు గడపుదురు. ఫలానా వానికి వజ్రము దొరకినదని వ్రాసినచో చదువని వాడుండడు. రెండవమారును చదువుదురు. మూడవమారు చదువరి అడుగును: చూచినవారెవరు? ఏ వెలకు అమ్మిరి? అప్పుడు వ్రాసినవాని వద్ద వదంతి తప్ప సమాధానము లేకున్నచో, వాని మాటపై నమ్మకము పోవును. అంతకంటె పెద్ద నష్టము మరియొకటి కలదు. ఆ వార్త నమ్మి ఒక కూలివాడు అప్పుచేసి బస్సెక్కి వచ్చి, పదిదినముల పని మానుకొని, వట్టి చేతులతో తిరిగిపోవచ్చును. ఆ నష్టములో వ్రాసినవానికిని భాగము లేదా?

అందువలన వజ్రమును గూర్చి వ్రాయరాదని కాదు. ఈ నేలలో వజ్రములేల దొరకును, మెరయు పలుగురాతికిని వజ్రమునకును భేదమేమి, వెల నిర్ణయించు పద్ధతి యెట్టిది, వెదుకువారిలో వట్టి చేతులతో పోవువారి సంగతి యేమి యని విచారించి వ్రాసినచో, అదే విషయము ఆకర్షించును, నిలుపును కూడ.

ఇక టమాట. పత్తికొండ టమాట వ్యాపారమునకు పేరుపొందిన చోటు. జత గంపల ధర ఆకాశమంటిన దినమున వార్త వచ్చును. ధర పడిపోయి రైతు పండ్లను దారిప్రక్క పారబోసిన దినమునను వార్త వచ్చును. ఈ రెంటిని అందరును వ్రాయుదురు. ఆ రెండు దినముల నడుమనున్న కాలములో రైతునకు ఎవరును ఏమియు చెప్పరు. ఒక ఏట మంచి ధర చూచి అందరును నారు పోయుదురు. నాటిన రెండు మూడు మాసములకు కాపంతయు ఒక్కసారి సంతకు వచ్చును. పండు నిలువ యుండునది కాదు; వచ్చిన ధరకు అమ్మక తప్పదు. కోత కూలియు బండి బాడుగయు రాబడిని మించినప్పుడు పారబోయుటయే చవుక యగును. ఈ క్రమమును నారు పోయు దినములలోనే చెప్పువాడున్నచో, ఇతర ప్రాంతములలో ఎంత విస్తీర్ణము నాటుచున్నారో విచారించి తెలుపువాడున్నచో, వాని వ్రాతకొరకు రైతు వారము వారము ఎదురుచూచును. ధర పడిన దినమున జాలిపడి వ్రాసిన వంద పంక్తులకంటె, నాటుటకు ముందు వ్రాసిన పది పంక్తులు విలువైనవి.

కొన్ని విషయములు పాతవి, దూరపువి. వానిని చదువరి ఇంటికి త్రిప్పుట యెట్లో చూడుడు. మద్రాసు గవర్నరు సర్ థామస్ మన్రో 1827 జూలై 6న పత్తికొండలో విషూచి వ్యాధితో మరణించెను. దత్తమండలములకు 1800 నుండి 1807 వరకు కలెక్టరుగా పనిచేసిన ఆయనకు ఈ సీమ పరిచితమే. ఏటేట ఆ తేదీన ఈ సంగతినే వ్రాసినచో రెండవ ఏటికే చదువరి పుట త్రిప్పును. ఆ వ్యాధి నీటి మూలమున వ్యాపించునని నాడు తెలియదు. 1854లో లండనులో జాన్ స్నో అను వైద్యుడు ఒక వీధిపంపు చుట్టును సంభవించిన మరణములను లెక్కించి, కలుషితమైన నీరే కారణమని చూపెను. గవర్నరునైనను విడువని ఆ వ్యాధి మన వీధి కొళాయి ప్రక్క మురుగుకాలువలో లేదుగదా యని అడిగినచో, చదువరి పుట త్రిప్పక, లేచి పోయి తన నీళ్లబానను చూచుకొనును.

విషయములు దొరకుట లేదని కొందరందురు. రిచర్డు స్టీలు, జోసెఫ్ అడిసన్ 1711లో లండనున స్పెక్టేటరు పత్రికను ప్రారంభించి, చుట్టునున్నవారి నడతనుండి, ముచ్చటలనుండి దినమునకొక వ్యాసము తీసిరి. వారి ఒరవడి గ్రహించిన పానుగంటి లక్ష్మీనరసింహారావుగారు సాక్షి వ్యాసములలో మన సంఘమునే పరిహసించి, జంఘాలశాస్త్రిని ఇంటింటి చుట్టమును చేసిరి. ఆంధ్రప్రభ వారపత్రికలో మాలతీ చందూర్‌గారి ప్రమదావనము దశాబ్దములు నడచినది. పాఠకురాండ్ర ప్రశ్నలే దానికి ఎడతెగని ఊట. వినువానికి విషయమునకు కరవు లేదు.

వార్తగా ఎన్నడును రాని విషయములను వెదకుట మరింత అవసరము. కర్నూలు పడమటి మండలములనుండి పత్తి తీయుటకు, మిరప కోయుటకు గుంటూరు వైపు వలసపోవు కుటుంబములున్నవి. వారి పిల్లల బడి చదువు నడుమ తెగును. తిరిగి వచ్చిన పిల్లవానిని ఏ తరగతిలో కూర్చుండబెట్టుదురు? మానిన పాఠములను ఎవరు చెప్పుదురు? ఈ ప్రశ్నలకు ఊరి బడిలో సమాధానము కనుగొని వ్రాసినచో, అది ఆ తల్లిదండ్రులు దాచుకొను కాగితమగును.

అశోకుని 14వ శాసనమున వ్రాయువారికి పనికివచ్చు మాట కలదు. తన శాసనములు కొన్ని సంక్షిప్తముగను, కొన్ని మధ్యమముగను, కొన్ని విస్తరముగను ఉన్నవనియు, కొన్ని సంగతులను వాని మాధుర్యమునుబట్టి, ప్రజలు అట్లు నడచుకొనుటకై మరల మరల చెప్పితిననియు ఆయన తెలిపెను. మంచి విషయమునకు ఇదియే గుర్తు: ఏటేట తిరిగి వచ్చినను చదువరికి పనికివచ్చును. తొలకరి, విత్తనము, వేసవి నీరు, వలస ఏటేట వచ్చునవే.

కాబట్టి కలము పట్టుటకు ముందు పండ్రెండు మాసములకు పండ్రెండు విషయములు ఒక కాగితముపై వ్రాసికొనుడు. ప్రతిదాని యెదుట మీరెరిగిన ఒక చదువరి పేరు వ్రాయుడు. ఇది చదివి ఆ మనిషి రేపు ఏమి చేయును, ఏమి అడుగును అని ఆలోచింపుడు. జవాబు తోచని విషయమును కొట్టివేయుడు. మిగిలినవి ఆరే అయినను చింత లేదు. తక్కిన ఆరింటిని ఆ చదువరులనే అడిగి తెలిసికొనవచ్చును.