మడత చాకు - దాని గడియ బలము

ఉర్దూ చదివే మిత్రుడు "చాకూ" అన్నను, తెలుగు చదివే మిత్రుడు "చాకు" అన్నను వస్తువు ఒక్కటే. ఫారసీ, ఉర్దూ భాషల మీదుగా ఆ మాట తెలుగింటికి వచ్చి మనదైపోయినది. ఇంత చిరపరిచితమైన వస్తువును గురించి వ్యాసమెందుకని పాఠకులు అడుగవచ్చును. క్రిందటి శ్రమదాన శిబిరములో పందిరి తాళ్లు కోయుచుండగా, ముడిలో చిక్కిన చాకును వెనుకకు లాగినపుడు అలుగు మడతపడి మా మిత్రుని చూపుడు వ్రేలు తెగినది. ఆ చాకునకు గడియయే లేదని మాలో ఎవ్వరికిని అంతవరకు తెలియదు. "అసలు ఏ గడియ బలమైనది?" అను ప్రశ్న ఆనాడు మాలో పుట్టినది. దానికి మేము తెలిసికొన్న సమాధానమే ఈ వ్యాసము.

మొదట చాకు పనిచేయు తీరును గ్రహింపవలెను. అలుగు ఒక ఇరుసు మీద తిరుగును. వాదరతో కోయునపుడు కలుగు ఒత్తిడి అలుగును ఇంకను తెరచుకొను దిక్కునకే నెట్టును. అచ్చట ఒక అడ్డు దానిని ఆపును. కావున మామూలుగా కోయునపుడు గడియకు పని స్వల్పము. వెన్ను మీద ఒత్తిడి పడినపుడు, చిక్కుకొన్న అలుగును ఊడలాగినపుడు, మొనతో పొడిచి తొలిచినపుడు మాత్రమే అలుగు మూసికొన జూచును. గడియకు పరీక్ష అప్పుడే.

ఆ పరీక్ష ఎంత కఠినమైనదో చిన్న లెక్క వలన తెలియును. ఇరుసునకు 8 సెంటీమీటర్ల దూరమున వెన్ను మీద 5 కిలోల బరువు పడినదనుకొందము. బలభ్రామకము 40 కిలో-సెంటీమీటర్లు. గడియ అలుగును పట్టుకొను చోటు ఇరుసునకు 0.8 సెంటీమీటరు దూరములోనే ఉన్నచో, అచ్చట పడు బలము 50 కిలోలు. అనగా పది రెట్లు! అలుగు పొడవైన కొలదియు, గడియ ఇరుసునకు దగ్గరైన కొలదియు ఈ భారము పెరుగును.

ఇక గడియల రకములను పరిశీలింతము. మొదటిది గడియ లేని చాకు. పిడి వెన్నులోని స్ప్రింగు మాత్రమే అలుగును నిలుపును. గట్టిగా నొక్కినచో అలుగు మూసికొనును. స్విట్జర్లాండులో కార్ల్ ఎల్సెనర్ 1897లో హక్కు నమోదు చేయించిన అధికారుల చాకు ఈ జాతిదే. పండ్లు కోయుటకు, పెన్సిలు చెక్కుటకు ఇది చాలును.

రెండవది ఉంగరపు గడియ. ఫ్రాన్సు దేశపు సవోయి ప్రాంతములో జోసెఫ్ ఒపినెల్ 1890లో కొయ్యపిడి చాకును రూపొందించెను. 1955లో మార్సెల్ ఒపినెల్ దానికి త్రిప్పెడు ఉక్కు ఉంగరమును చేర్చెను. ఉంగరమును త్రిప్పగనే దాని చీలిక ప్రక్కకు జరిగి, అలుగు వచ్చు దారి మూసికొనిపోవును. నిర్మాణము సరళము, పట్టు గట్టిది. అయితే త్రిప్పుట మరచినచో గడియ ఉండియు లేనట్లే.

మూడవది వెన్ను గడియ. 1960ల దశాబ్దములో అమెరికాలో వెలువడిన బక్ 110 చాకు దీనికి ప్రసిద్ధి తెచ్చినది. పిడి వెన్నులోని ఉక్కు పట్టీ కొన, అలుగు మూలములోని గాడిలో దిగి కూర్చుండును. ఇది బలమైనదే. కాని గాడిలో దుమ్ము చేరినను, పిడిని గట్టిగా పట్టినపుడు అరచేయి పట్టీని నొక్కినను, గడియ విడిపోవచ్చును. ఈ దోషమును తగ్గించుటకే డేవిడ్ బోయి అను పనివాడు పట్టీ మీద చిన్న పల్లము చేసెను.

నాలుగవది రేకు గడియ. పిడిలోపలి పలుచని రేకు ప్రక్కకు వంగి అలుగు మూలమునకు వెనుక అడ్డముగా నిలుచును. ఈ పాత పద్ధతిని 1980ల ఆరంభములో మైకేల్ వాకర్ మెరుగుపరచెను. అధిక భారము పడినపుడు పలుచని రేకు వంగిపోవచ్చును. అలుగు మూలపు వాలు సరిగా లేనిచో చిన్న దెబ్బకే జారవచ్చును. క్రిస్ రీవ్ 1987లో రేకునకు బదులు పిడి ప్రక్కనున్న దళసరి లోహమునే గడియగా మలచెను. ఇందులో పట్టు బిగించిన కొలది గడియ మరింత లోనికి ఒత్తుకొనును.

ఐదవది అడ్డుకడ్డీ గడియ. 1998లో బెంచ్‌మేడ్ సంస్థ వాడుకలోనికి తెచ్చినది. పిడికి అడ్డముగా నున్న ఉక్కు కడ్డీ స్ప్రింగుల బలముతో అలుగు మూలము మీదికి జరిగి దానిని బిగించును. దీనిని విడుచునపుడు వ్రేళ్లు అలుగు దారిలో ఉండనక్కరలేదు.

వీనిలో ఏది శ్రేష్ఠము? పేరును బట్టి చెప్పుట తప్పు. పనివాని నేర్పును బట్టి ఒక మంచి రేకు గడియ ఒక నాసి వెన్ను గడియను మించవచ్చును. సరియైన పోలికకు మూడు పరీక్షలు అవసరము: నెమ్మదిగా పెంచిన బరువు, హఠాత్తుగా తగిలిన దెబ్బ, మెలి త్రిప్పుట. పిడిని బెంచి వైసులో బిగించి, వాదర క్రిందికి ఉండునట్లు నిలిపి, వెన్ను మీద పట్టీ వేసి దానికి బరువులు వ్రేలాడదీసి, ఇరుసునుండి దూరమును కొలువవలెను. దూరము చెప్పని బరువునకు అర్థము లేదు. వర్క్‌షాపు ఉపాధ్యాయుల సమక్షమున తప్ప విద్యార్థులు ఈ పరీక్షకు పూనుకొనరాదు.

మేము గ్రహించిన సారమిది: విరుగకుండుట ఒక గుణము, జారకుండుట మరొక గుణము. వంద కిలోలు మోయగలిగియు చిన్న దెబ్బకు జారు గడియ కంటె, అందులో సగమే మోసినను ఎన్నడును జారని గడియయే వ్రేళ్లకు మేలు.

కళాశాల సంఘము వారికి మా విన్నపమొకటి. శిబిరపు పెట్టెలో తాళ్లు కోయుటకు మడతలేని కత్తినే ఉంచవలెను. మడత చాకు కొన్నచో దానికి గడియ ఉన్నదో లేదో చూచి కొనవలెను. విద్యార్థి మిత్రులకు మనవి: తెగేదాకా లాగరాదని పెద్దలు ఊరక అనలేదు. అలుగు చిక్కుకొన్నపుడు లాగక, ముడిని సడలించుడు. గడియ ఉన్నను లేనట్లే భావించి చాకును పట్టుడు. మా మిత్రుని వ్రేలు మానినది. మచ్చ మాత్రము మిగిలినది. అట్టి మచ్చ మరొకరికి కలుగకుండుటయే మా కోరిక.