మంచుఖండం అంచున మట్టిదిబ్బలు ఎలా?

అంటార్కిటికా ద్వీపకల్పానికి పడమర, సముద్రం అడుగున వందల మీటర్ల ఎత్తు మట్టిదిబ్బలు వరుసగా ఉన్నాయి. పోసిందెవరు? మంచూ, నీరూ కలిసి!

హిమానీనదాలు కదులుతూ కింది రాతిని పిండి చేసి, ఖండపు అంచుదాకా నెట్టుకొస్తాయి. అది బురదగా వాలు మీంచి జారుతుంది. ముతక ఇసుక త్వరగా అడుగుకు చేరుతుంది. సన్నటి ఒండ్రు నీళ్లలోనే తేలుతుంటుంది. అసలు పని ఇక్కడే మొదలు! అంచు పొడవునా మెల్లగా సాగే లోతట్టు ప్రవాహం దాన్ని పక్కకు మోసుకుపోతుంది. మరి ప్రవాహం కిందికి జారదేం? దక్షిణార్ధగోళంలో భూభ్రమణం కదిలే నీటిని ఎడమకు మళ్లిస్తుంది. ఇక్కడ ఎడమవైపున్నది ఖండపు వాలే. దాన్ని ఒరుసుకునే పోతుంది. జోరు తగ్గినచోట ఒండ్రు దిగి, లక్షల ఏళ్లకు దిబ్బవుతుంది. మధ్యలో గులకరాళ్లు కనిపిస్తే, అవి కరిగే మంచుకొండలు జారవిడిచినవి.

1998లో జాయిడీస్ రిజల్యూషన్ నౌక ఈ దిబ్బల్లోకి రంధ్రాలు వేసి మట్టి తీసింది. ఆ మట్టి పొరలే పాత ప్రవాహం జోరు చెబుతాయి: సాధారణంగా పొరలో ఒండ్రు రేణువులు ముతకైతే అప్పటి ప్రవాహం వేగం ఎక్కువ, సన్ననైతే తక్కువ.